నలభై అక్షరాలు, నాలుగు గంటలు: విరహానికి రెండు భాషలు

(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం సాహిత్య కార్యక్రమంలో మనకు అంతగా పరిచయం లేని రెండు లోకాల గురించి మాట్లాడుకుందాం. ఒకటి పాతకాలపు చైనా కవిత్వం, రెండోది యూరప్ వాళ్ల ఒపెరా. ఈ రెంటికీ ఏమిటి సంబంధం అని మీరు అడగవచ్చు. చైనా కవి రాత్రిపూట ఒంటరిగా కూర్చుని నలభై అక్షరాలు రాసి ఊరుకుంటాడు. ఒపెరాలో నాయిక ఎనభైమంది వాద్యకారుల మోతను దాటి, రెండువేలమందికి వినిపించేలా గొంతెత్తి పాడుతుంది. ఒకటి గుసగుస, ఇంకొకటి ఆక్రోశం. కానీ రెండూ చెప్పేది ఒక్కటే. దూరంగా ఉన్న మనిషి కోసం పడే ఆరాటం.

మన అలంకారికులు దీన్ని విప్రలంభ శృంగారం అన్నారు. మామూలు మాటల్లో విరహం. పొట్టకూటి కోసమో, చదువు కోసమో ఊరు విడిచి వచ్చిన మనకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. అయితే దాన్ని వేరే జాతులవాళ్లు ఎలా చెప్పుకున్నారో చూస్తే, మన సొంత దూరాల గురించి కూడా కొంత తెలుస్తుంది. అందుకే ఈ ప్రసంగం.

ముందు చైనా వెళదాం. తాంగ్ వంశపు రాజుల కాలం, అంటే 618 నుంచి 907 దాకా. ఆ కాలంలో చదువుకున్నవాడికి ఉన్న గౌరవమైన దారి ప్రభుత్వోద్యోగం. ఉద్యోగం వస్తే ఒకచోట ఉండనివ్వరు. కొన్నేళ్లకొకసారి బదిలీ. రాజుగారికి కోపం వస్తే దక్షిణాన ఎక్కడో జ్వరాల ప్రాంతానికి పంపేస్తారు. ప్రయాణమంటే పడవలు, గుర్రాలు, కొండదారులు. ఉత్తరం చేరడానికి నెలలు. ఇక యుద్ధం వస్తే ఆ ఉత్తరం కూడా లేదు. కాబట్టి చైనా కవిత్వంలో ఎడబాటు ఇంత ఎక్కువగా ఉండటానికి కారణం వాళ్లు ప్రత్యేకంగా భావుకులు కావడం కాదు, వాళ్ల ఉద్యోగాలు అలాంటివి! ఈ మాట వింటుంటే మనలో కొందరికి నవ్వు రావచ్చు, కొందరికి మరోలా ఉండవచ్చు.

ఇంకో సంగతి గమనించాలి. ఆ పద్యాలు చాలామటుకు ఒక మనిషికి రాసినవి. భార్యకో, తమ్ముడికో, స్నేహితుడికో. పద్యమే ఉత్తరం. చదివేది తనవాళ్లే కాబట్టి వివరించక్కరలేదు. ఒక్క సూచన చాలు, అవతలివాళ్లకు అర్థమైపోతుంది. పైగా చైనా భాషలో క్రియకు కాలభేదం లేదు. కవిత్వంలో 'నేను', 'నువ్వు' అనే మాటలు కూడా తరచుగా వదిలేస్తారు. ఎవరు, ఎప్పుడు అన్నది పాఠకుడే పూరించుకోవాలి. అందుకని చిన్న పద్యంలో పెద్ద చోటు ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. దు ఫూ అనే కవి ఉన్నాడు. 712లో పుట్టాడు, 770లో పోయాడు. చైనావాళ్లు తమ మహాకవుల్లో మొదటి వరసలో చెప్పుకునే పేరు. 755లో ఆన్ లుషాన్ అనే సేనాపతి తిరుగుబాటు చేశాడు. మరుసటి ఏడు రాజధాని చాంగాన్ పడిపోయింది. చక్రవర్తి పారిపోయాడు. దు ఫూ భార్యాపిల్లల్ని ఉత్తరాన ఫూజౌ అనే చోట ఒక పల్లెలో దించి, కొత్త చక్రవర్తి కొలువులో చేరదామని ఒక్కడే బయలుదేరాడు. దారిలో తిరుగుబాటుదారులకు దొరికాడు. వాళ్లు అతన్ని చాంగాన్‌కు పట్టుకుపోయారు. అప్పుడతనికి నలభై నాలుగేళ్లు. భార్యాపిల్లలు బతికున్నారో లేదో అతనికి తెలియదు, అతను బతికున్నాడో లేదో వాళ్లకు తెలియదు.

ఆ స్థితిలో 756లో 'వెన్నెల రాత్రి' అని ఒక పద్యం రాశాడు. ఎనిమిది పాదాలు, పాదానికి అయిదు అక్షరాలు, మొత్తం నలభై. మామూలుగా మనమైతే ఏం రాస్తాం? 'నేనిక్కడ చంద్రుణ్ణి చూస్తున్నాను, నువ్వు గుర్తొస్తున్నావు' అంటాం. దు ఫూ అలా రాయలేదు. తన సంగతే ఎత్తలేదు. ఆ రాత్రి ఫూజౌలో తన భార్య ఒక్కతే చంద్రుణ్ణి చూస్తూ ఉంటుందని మొదలుపెట్టాడు. పిల్లలు మరీ చిన్నవాళ్లు, అమ్మ ఎందుకలా కూర్చుందో వాళ్లకు అర్థం కాదు. అంటే ఆమె పిల్లల మధ్య ఉన్నా ఒంటరిదే. మంచులో ఆమె జుట్టు తడుస్తుందని, వెన్నెల్లో చేతులు చల్లబడతాయని అనుకున్నాడు. అంటే చాలాసేపే ఆరుబయట కూర్చుందన్నమాట. చివరికి, ఇద్దరూ ఒకచోట చేరే రోజు ఎప్పుడని అడిగి ముగించాడు.

ఇందులో 'ప్రేమ' అన్న మాట లేదు. తన బాధ లేదు, ఖైదు లేదు, యుద్ధం లేదు. కానీ అంత దూరంలో ఉన్న మనిషి చేతులు చల్లబడి ఉంటాయని ఊహించినవాడికి ఆమె మీద ఎంత ధ్యాస ఉండి ఉండాలి! తన విరహాన్ని చెప్పడానికి ఆమె విరహాన్ని చెప్పాడు. దు ఫూ సాధించింది ఇదే.

ఈ కథకు మంచి ముగింపే ఉంది. 757లో అతను చాంగాన్ నుంచి తప్పించుకుని కొత్త చక్రవర్తి దగ్గరకు చేరాడు. ఆ ఏడే శరత్కాలంలో ఇంటికి వెళ్లాడు. ఆ సందర్భం మీద మూడు పద్యాలు రాశాడు. భర్త ప్రాణాలతో తిరిగిరావడం చూసి భార్యకు సంతోషం కన్నా ముందు దిగ్భ్రాంతి కలిగిందట. ఇరుగుపొరుగువాళ్లు గోడ మీదుగా తొంగిచూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారట. మన ఊళ్లో జరిగినా సరిగ్గా ఇలాగే ఉంటుంది కదూ.

ఇంకొక కవి లీ షాంగ్‌యిన్. దు ఫూ తర్వాత వందేళ్లవాడు, 858లో చనిపోయాడు. నైరుతి చైనాలో కొండల మధ్య కొలువు చేస్తున్నప్పుడు, ఉత్తరాన ఉన్న ఒక మనిషికి ఇరవై ఎనిమిది అక్షరాల పద్యం పంపాడు. ఎప్పుడొస్తావని అవతలివాళ్లు అడిగారు. ఎప్పుడో చెప్పలేడు. బయట రాత్రి వాన, చెరువులు నిండుతున్నాయి. ఎప్పటికైనా ఇద్దరూ దీపం దగ్గర కూర్చుని ఈ రాత్రి వాన గురించి చెప్పుకునే రోజు వస్తుందా అని అతని ఆలోచన. అంటే, భవిష్యత్తులోకి వెళ్లి అక్కడినుంచి ఈ క్షణాన్ని జ్ఞాపకంగా చూస్తున్నాడు. అంత చిన్న పద్యంలో ఆ కొండల రాత్రివాన రెండుసార్లు వస్తుంది. మొదటిసారి అది బాధ. రెండోసారి, ఇద్దరూ కూర్చుని చెప్పుకునే ముచ్చట. ఈ పద్యం ఎవరికి రాశాడన్న దానిమీద పండితుల్లో తగువు ఉంది. కొన్ని ప్రతుల్లో 'భార్యకు' అని శీర్షిక కనిపిస్తుంది. ఆమె అప్పటికే చనిపోయిందని, కాబట్టి ఎవరో స్నేహితుడికి రాసి ఉంటాడని కొందరంటారు. ఏమైనా, ఇవాళ్టి కష్టాన్ని రేపటి కబురుగా మార్చుకోవడం బతకడానికి పనికివచ్చే విద్య.

సరే, ఇప్పుడు యూరప్ వెళదాం. ఒపెరా అంటే నాటకమంతా పాటగా నడిచే రంగస్థల కళ. మన సురభివాళ్ల పద్యనాటకాలు చూసినవాళ్లకు ఈ ఊహ కొత్త కాదు. తేడా ఏమిటంటే అక్కడ చాలా ఒపెరాల్లో సంభాషణ కూడా పాటే. ఇటలీలో పదహారో శతాబ్దం చివర మొదలైంది. మొదట్లో ప్రభువుల ఇళ్లలో వేడుక. 1637లో వెనిస్‌లో టికెట్టు కొని చూసే ఒపెరా హాలు తెరిచారు. అప్పటినుంచి ఇది ప్రజల కళ కూడా అయింది. పెద్ద హాలు, మైకు లేదు, కింద వాద్యబృందం. గొంతు చివరి వరస దాకా వెళ్లాలి. కాబట్టి చైనా పద్యం ఒక మనిషికి ఉత్తరమైతే, ఒపెరా ఊరందరి ముందూ చెప్పే వాంగ్మూలం. ఆ అరుపుకు కారణం యూరప్‌వాళ్లకు దుఃఖం ఎక్కువ కావడం కాదు, హాలు పెద్దది కావడం.

ఇప్పటికీ ఆడుతున్న పాత ఒపెరాల్లో ఒకటి మోంటెవెర్ది రాసిన 'ఓర్ఫెయో'. 1607లో మాంటువా నగరంలో వేశారు. కథ గ్రీకు పురాణంలోది. ఓర్ఫియస్ గొప్ప గాయకుడు. భార్య యూరిడిసె పాము కరిచి చనిపోతుంది. అతను తన పాటతో యమలోకాన్ని మెప్పించి ఆమెను వెనక్కి తెచ్చుకోవడానికి అనుమతి పొందుతాడు. ఒక్కటే షరతు. పైకి వచ్చేదాకా వెనక్కి తిరిగి ఆమెను చూడకూడదు. చూస్తాడు. ఆమె పోతుంది. సావిత్రి మాటలతో యముణ్ణి గెలిచింది, ఓర్ఫియస్ పాటతో గెలిచి చూపుతో ఓడిపోయాడు.

ఇదే కథను 1762లో వియన్నాలో గ్లక్ అనే ఆయన మళ్లీ ఒపెరాగా చేశాడు. అందులో గుండె పట్టేసే చోటు ఒకటుంది. షరతు సంగతి యూరిడిసెకు చెప్పడానికి కూడా వీల్లేదు. భర్త తనవైపు చూడకుండా గబగబా లాక్కుపోతుంటే ఆమెకేం తెలుసు? నా మీద ప్రేమ పోయిందా, నా అందం తగ్గిందా, అసలు నన్నెందుకు బతికించావని నిలదీస్తుంది. ఆమె ప్రాణం కోసమే అతను చూడటం లేదు. ఆ చూడకపోవడమే ఆమెను చంపుతోంది. తట్టుకోలేక తిరుగుతాడు. మన ఇళ్లలో పిల్లల మేలు కోసమే మాట్లాడకుండా ఉండిపోయిన తండ్రులు, ఆ మౌనాన్ని నిర్లక్ష్యం అనుకున్న పిల్లలు ఎంతమంది లేరు? చైనా కవి మౌనం ఎంత అందమైనదో చెప్పుకున్నాం. అవతలివాళ్లకు తాళంచెవి లేకపోతే ఆ మౌనమే ఎంత ప్రమాదమో గ్లక్ చూపించాడు.

ఆమె పోయాక ఓర్ఫియస్ పాడే పాట ప్రపంచ ప్రసిద్ధం. వింత ఏమిటంటే అది మేజర్ స్కేలులో ఉంటుంది. మేజర్ స్కేలు స్వరాలంటే మన శంకరాభరణం స్వరాలే. ఏడుపు రాగంలో పెట్టకుండా, ప్రశాంతమైన బాణీలో పెట్టాడు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయినవాడి నిబ్బరం అందులో వినిపిస్తుంది. చివర్లో గ్లక్ దేవత చేత ఆమెను మళ్లీ బతికిస్తాడు. అది వేరే సంగతి.

వంద సంవత్సరాల తర్వాత వాగ్నర్ వచ్చాడు. అతని 'ట్రిస్టన్ ఉండ్ ఈసోల్డె' 1865 జూన్ 10న మ్యూనిక్‌లో మొదటిసారి ప్రదర్శించారు. విరహాన్ని కథలో కాకుండా సంగీతం లోపలే పెట్టిన ఒపెరా ఇది. ఎలాగో మన సంగీతం భాషలో చెబుతాను. పాడేవాడు పైకి వెళ్లి నిషాదం మీద ఆగాడనుకోండి. మీ ప్రాణం పై షడ్జమం కోసం కొట్టుకుంటుంది. వాగ్నర్ మొదట్లోనే నాలుగు స్వరాల ఒక కలయిక వినిపిస్తాడు. అది ఎక్కడో ఒకచోట వాలాలి. వాలదు. ఇంకొక అస్థిరమైన కలయికలోకి జారుతుంది. అక్కడినుంచి ఇంకోదానికి. ఇలా దాదాపు నాలుగు గంటల సంగీతం. మధ్యలో ఒకచోట ఇక వచ్చేస్తుందనిపించిన క్షణంలో రాజు వచ్చి ప్రేమికుల్ని పట్టుకుంటాడు, సంగీతం తెగిపోతుంది. చిట్టచివర, ట్రిస్టన్ శవం పక్కన ఈసోల్డె పాడి ఒరిగిపోయినప్పుడు గానీ ఆ మొదటి ప్రశ్నకు సమాధానం రాదు. దు ఫూ నలభై అక్షరాల్లో చేసిన పనికి వాగ్నర్‌కు నాలుగు గంటలు కావలసి వచ్చింది. కానీ ఆ నాలుగు గంటలూ కూర్చున్నవాడికి నిరీక్షణ అంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది. పద్యం మనకు విరహాన్ని చూపిస్తే, ఈ సంగీతం మన చేత విరహపడేలా చేస్తుంది.

ఇప్పుడు అందరికీ తెలిసిన కథకు వద్దాం. పుచ్చీని 'మదామా బటర్‌ఫ్లై'. ఇది జరిగేది నాగసాకిలో. పింకర్టన్ అనే అమెరికా నౌకాదళం ఆఫీసరు ఒక ఇల్లు తీసుకుంటాడు. తొమ్మిదివందల తొంభైతొమ్మిదేళ్ల ఒప్పందం, కానీ ఏ నెలలో కావాలంటే ఆ నెలలో రద్దు చేసుకోవచ్చు. పెళ్లి కూడా అదే పద్ధతిలో చేసుకుంటాడు. పెళ్లికూతురు చో-చో-సాన్‌కు పదిహేనేళ్లు. ఆమె మాత్రం నిజమైన పెళ్లనుకుంటుంది. అతని కోసం తన మతం వదులుకుంటుంది, బంధువులు ఆమెను వెలివేస్తారు. అతను వెళ్లిపోతాడు. పిట్టలు గూళ్లు కట్టే రోజులకు వస్తానని చెప్పి వెళతాడు.

మూడేళ్లు గడిచాయి. అమెరికా రాయబార కార్యాలయం అధికారి ఒక ఉత్తరం పట్టుకుని ఆమె దగ్గరకు వస్తాడు. అతన్ని ఆమె అడిగే ప్రశ్న ఏమిటో తెలుసా? మీ దేశంలో ఆ పిట్టలు ఎప్పుడు గూళ్లు కడతాయి అని. ఎందుకంటే ఇక్కడ మూడుసార్లు కట్టాయి, అక్కడ ఇంకా కట్టలేదేమో! ఆయన పాపం తనకు పక్షిశాస్త్రం తెలియదని తప్పించుకుంటాడు. హాల్లో జనం నవ్వుతారు. ఆ వెంటనే ఎందుకు నవ్వామా అనిపిస్తుంది. నమ్మకం పోగొట్టుకోకుండా ఉండటానికి మనిషి ఎంత దూరం వెళుతుందో ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

ఆ అంకంలోనే ఆమె ప్రసిద్ధమైన పాట ఉంది. సముద్రం అంచున పొగ కనిపిస్తుంది, ఓడ రేవులోకి వస్తుంది, ఒక మనిషి కొండెక్కి వస్తుంటాడు, తను వెంటనే ఎదురువెళ్లదు, ఇలా అతను వచ్చే రోజును ఒక్కొక్క మెట్టుగా ఊహించి పనిమనిషికి చెబుతుంది. లీ షాంగ్‌యిన్ గుర్తొచ్చాడా? అతనూ రాబోయే కలయికనే ఊహించాడు. చైనాలో తొమ్మిదో శతాబ్దం, ఇటలీలో ఇరవయ్యో శతాబ్దం. ఎదురుచూసే మనిషి చేసే పని ఒక్కటే. రాబోయే రోజును ముందే కళ్లారా చూసుకోవడం.

అయితే ఒక తేడా ఉంది, ఈ ప్రసంగానికి అదే ముఖ్యం. దు ఫూ అవతలి మనిషి రాత్రిని ఊహించాడు. బటర్‌ఫ్లై కూడా అవతలి మనిషి రాకను ఊహించింది. పింకర్టన్ మాత్రం ఆ మూడేళ్లలో ఒక్క రాత్రి కూడా ఆమె ఏం చేస్తూ ఉంటుందా అని ఊహించలేదు. అతను రాక్షసుడేమీ కాదు. సరదా మనిషి, మంచి గొంతు. అతనిలో లేనిది ఆ ఒక్క ఊహే. చివరికి అమెరికన్ భార్యతో, బిడ్డను తీసుకుపోవడానికి తిరిగివస్తాడు. పూలతో అలంకరించిన ఆ ఇల్లు చూశాక గానీ అతనికి వెలగదు. బటర్‌ఫ్లై తన తండ్రి కత్తితో ప్రాణం తీసుకుంటుంది.

ఓడ వచ్చిందని తెలిశాక, ఆమె బిడ్డనూ పనిమనిషినీ పక్కన పెట్టుకుని తెల్లవార్లూ గుమ్మంలో ఎదురుచూస్తుంది. ఈ దృశ్యం పుచ్చీని 1900లో లండన్‌లో చూసిన ఒక నాటకం నుంచి వచ్చింది. డేవిడ్ బెలాస్కో రాసిన నాటకమది. పుచ్చీనికి ఇంగ్లీషు అంతంతమాత్రమే వచ్చు. కానీ రంగస్థలం మీద మాటలేమీ లేకుండా రాత్రి గడిచి తెల్లవారే వెలుగు మారడం అతన్ని పట్టుకుంది. ఒపెరాలో అతను ఆ రాత్రికి మాటలు పెట్టలేదు. తెర వెనక నుంచి కోరస్ నోరు మూసుకుని రాగం తీస్తుంది, అంతే. గొంతెత్తి పాడటమే వృత్తిగా ఉన్న కళ, అసలైన చోటుకు వచ్చేసరికి నోరు మూసుకుంది. చైనా పద్యానికి ఒపెరా ఇంతకంటే దగ్గరగా వచ్చిన చోటు నాకు తెలియదు.

1904 ఫిబ్రవరి 17న మిలాన్‌లో ఈ ఒపెరా మొదటి ప్రదర్శన ఘోరంగా దెబ్బతింది. జనం గోల చేశారు. పుచ్చీని దాన్ని వెనక్కి తీసుకుని, మార్పులు చేసి, అదే ఏడు మే 28న బ్రెషాలో మళ్లీ వేయించాడు. ఈసారి విజయం. పింకర్టన్ పశ్చాత్తాపంతో పాడే పాట ఆ సవరణలో చేర్చిందే.

ఇంకొక తేడా కూడా చెప్పాలి. ఒపెరా నాయికలు ముసలివాళ్లు కారు. వెర్డీ 'లా ట్రావియాటా'లో వయొలెట్టా క్షయతో పోతుంది. పుచ్చీని 'లా బొహేమ్'లో మిమి కూడా అంతే. బటర్‌ఫ్లైకి ఇరవై నిండలేదు. నాటకానికి ముగింపు కావాలి కదా, చావు పెద్ద ముగింపు. చైనా కవులు మాత్రం విరహంతోనే ముసలివాళ్లవుతారు. లు యూ అనే కవి ఉన్నాడు, సోంగ్ వంశపు కాలం, 1125 నుంచి 1210 దాకా బతికాడు. అతని కథ ఇలా చెబుతారు. ఇరవై ఏళ్ల ప్రాయంలో తాంగ్ వాన్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరికీ చాలా ఇష్టం. అత్తగారికి కోడలు నచ్చలేదు. తల్లి మాట కాదనలేక భార్యకు విడాకులిచ్చాడు. ఇద్దరికీ వేరే పెళ్లిళ్లయ్యాయి. కొన్నేళ్లకు షావోషింగ్ ఊళ్లో షెన్ తోటలో అనుకోకుండా ఎదురుపడ్డారు. ఆమె తన భర్తతో వచ్చింది. మర్యాదగా ఇతనికి మద్యం, ఫలహారం పంపించింది. ఇతను తోట గోడ మీద ఒక పాట రాసి వెళ్లిపోయాడు. ఆమె ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు.

ఇంతవరకూ ఒపెరాకు పనికివచ్చే కథే. కానీ లు యూ ఇంకా యాభై ఏళ్లు బతికాడు. ఉద్యోగాలు చేశాడు, ఎక్కడో సిచువాన్ దాకా వెళ్లాడు, వేలకొద్దీ పద్యాలు రాశాడు, పిల్లల్ని పెంచాడు. 1199లో, డెబ్భై దాటిన మనిషి, మళ్లీ ఆ తోట మీద రెండు చిన్న పద్యాలు రాశాడు. ఎనభై దాటాక కలలో ఆ తోటకు వెళ్లినట్టు కూడా రాశాడు. ఇది ఏ అయిదో అంకానికీ లొంగే ప్రేమ కాదు. రోజూ అన్నం తింటూ, పనులు చేసుకుంటూ, లోపల మోసుకు తిరిగేది. మనకు తెలిసిన విరహాలు చాలామటుకు ఇలాంటివే. తల్లి మాట నెగ్గింది, కొడుకు ఎదురు చెప్పలేదు, ఒక అమ్మాయి జీవితం మధ్యలో నలిగిపోయింది. ఎనిమిది వందల ఏళ్లనాటి ఈ కథలో మన పెళ్లి మాటల్లో వినిపించే గొంతులు కొన్ని వినపడతాయి. పిల్లలకు సంబంధాలు చూస్తున్న తల్లిదండ్రులు ఒక నిమిషం ఆగి వినదగ్గ కథ.

ఈ రెండు లోకాలూ నిజంగా కలుసుకున్న చోటు ఒకటుంది. గుస్తావ్ మాలర్ పదేళ్లపాటు, 1897 నుంచి 1907 దాకా, వియన్నా రాజాస్థానపు ఒపెరాకు డైరెక్టరు. 1907లో అతని మీద వరసగా దెబ్బలు పడ్డాయి. నాలుగేళ్ల పెద్దకూతురు చనిపోయింది. అతనికి గుండెజబ్బు ఉందని తేలింది. వియన్నా ఉద్యోగం వదిలేశాడు. న్యూయార్కు మెట్రొపాలిటన్ ఒపెరాకు వచ్చి, 1908 జనవరి 1న తొలిసారి అక్కడ సంగీతం నడిపించాడు. ఆ రాత్రి వేసింది ట్రిస్టన్. అంటే అతనూ మనలాగే కొత్త ఉద్యోగం కోసం సముద్రం దాటి వచ్చినవాడే.

అప్పటికి అతనికి ఒక పుస్తకం చేరింది. హాన్స్ బెట్గె అనే జర్మన్ కవి 1907లో వేసిన 'చైనా వేణువు'. బెట్గెకు చైనా భాష రాదు. అంతకుముందున్న జర్మన్, ఫ్రెంచి అనువాదాలు చూసి తన ధోరణిలో తిరగరాశాడు. మాలర్ అందులోంచి పద్యాలు ఎంచుకుని 1908లో, 1909లో 'భూమి పాట' అనే పెద్ద రచన చేశాడు. ఆరు భాగాలు, ఇద్దరు గాయకులు, పెద్ద వాద్యబృందం. చివరి భాగం పేరు 'వీడ్కోలు'. అందులో ఉన్నవి రెండు పద్యాలు. మంగ్ హావోరాన్ రాసిన పద్యంలో కవి సాయంకాలం కొండ మీద స్నేహితుడి కోసం ఎదురుచూస్తాడు. వాంగ్ వే రాసిన పద్యంలో కొండల్లోకి వెళ్లిపోతున్న స్నేహితుణ్ణి సాగనంపుతాడు. చైనా మూలంలో మొదటిది నలభై అక్షరాలు, రెండోది ముప్ఫై. మొత్తం డెబ్భై. మాలర్ సంగీతంలో అవి దాదాపు అరగంట. చివర ఒకే చిన్న మాటను గాయని మళ్లీ మళ్లీ పలుకుతూ, గొంతు తగ్గుతూ తగ్గుతూ వాద్యాల్లో కలిసిపోతుంది. జీవితమంతా ఒపెరా హోరు మధ్య గడిపిన మనిషి, తన దుఃఖానికి మాటలు కావలసి వచ్చినప్పుడు వెయ్యేళ్లనాటి చైనా నిశ్శబ్దం దగ్గరకు వెళ్లాడు. ఈ రచనను అతను వినలేదు. 1911 మేలో చనిపోయాడు. ఆ నవంబరులో బ్రూనో వాల్టర్ మ్యూనిక్‌లో ప్రదర్శించాడు.

యూరప్‌వాళ్ల చైనా, జపాన్ చాలామటుకు ఊహల్లోవేనని మరిచిపోకూడదు. పుచ్చీని చివరి ఒపెరా 'తురందోత్' బీజింగ్‌లో జరుగుతుంది, కానీ ఆయన చైనా ముఖం చూడలేదు. అందులోని ఒక చైనా జానపద బాణీ స్నేహితుడి ఇంట్లో ఉన్న సంగీతపు పెట్టెలో విన్నది. మల్లెపూవు పాట అని చైనాలో అందరికీ తెలిసిన బాణీ అది. 1924లో ఆయన పోయేనాటికి ఒపెరా పూర్తి కాలేదు. ఇంకొకరు పూర్తిచేస్తే 1926లో వేశారు. అదే ఒపెరాను 1998లో బీజింగ్ రాజప్రాసాదాల ఆవరణలోనే ప్రదర్శించారు. జాంగ్ యిమౌ దర్శకత్వం, సంగీతం నడిపించింది మన బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా. ఊహల చైనా ఇంటికి తిరిగివచ్చింది.

ఇక మన సంగతి. దు ఫూకు లేనివి మనకు చాలా ఉన్నాయి. ఫోను ఉంది, వీడియో కాల్ ఉంది. అమ్మ మొహం రోజూ చూడవచ్చు. కానీ ఆ అయిదు నిమిషాల్లో మనం చెప్పుకునేదేమిటి? 'బాగున్నారా?' 'బాగున్నాం. మీరు?' 'మేమూ బాగానే ఉన్నాం.' రెండువైపులా బాధ దాచుకోవడమే. వాళ్లు మోకాళ్ల నొప్పి చెప్పరు, మనం ఉద్యోగం బెంగ చెప్పం. ఓర్ఫియస్, యూరిడిసెల్లాగా ఒకరి మేలు కోరి ఒకరు మొహం తిప్పుకుని నడుస్తున్నాం. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల ఇళ్లలో పసిపిల్లలు తండ్రిని తెర మీదే ఎరుగుదురు. వాళ్ల అమ్మ రాత్రి గుమ్మంలో ఎందుకు కూర్చుందో దు ఫూ పిల్లల్లాగే వాళ్లకూ తెలియదు.

ఫోను మొహాన్ని చూపిస్తుంది. ఫోను పెట్టేశాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూపించదు. అది మనమే ఊహించుకోవాలి. వంటింట్లో లైటు తీసేశాక అమ్మ ఎక్కడ కూర్చుంటుంది? నాన్న ఒక్కరే మందులు గుర్తుపెట్టుకుని వేసుకుంటున్నారా? కరెంటు పోతే ఎవరిని పిలుస్తారు? ఈసారి ఫోన్‌లో 'బాగున్నారా' అని ఊరుకోకుండా ఇలాంటి ప్రశ్న ఒకటి అడిగి చూడండి. జవాబు పొడుగ్గా వస్తుంది.

ఇంకొక చిన్న లెక్క చెప్పి ముగిస్తాను. దు ఫూ, అతని భార్య ఒకే రాత్రి ఒకే చంద్రుణ్ణి చూశారు. మనకు పగలైతే వాళ్లకు రాత్రి కదా, మనకా భాగ్యం లేదనుకుంటాం. కొంచెం ఉంది. గల్ఫ్‌కూ మనకూ తేడా గంటన్నర, రెండున్నర గంటలే. రాత్రంతా ఒకే చంద్రుడు. అమెరికాలో ఉన్నవాళ్లకు కూడా, చలికాలం పౌర్ణమి నాడు సాయంత్రం ఆరు గంటలకు న్యూజెర్సీలో తూర్పున చంద్రుడు కనిపిస్తాడు. అదే సమయానికి విజయవాడలో తెల్లవారుజామున నాలుగున్నర. చంద్రుడు అక్కడ పడమటికి వాలుతూ ఇంకా ఆకాశంలోనే ఉంటాడు. మబ్బు లేకపోతే ఒకటి రెండు గంటలు రెండు ఊళ్లవాళ్లూ అతన్ని ఒకేసారి చూడవచ్చు. అది మన పెద్దవాళ్లు నిద్ర లేచే వేళ కూడా. పిల్లలకు చూపించి, తాతయ్య, అమ్మమ్మలకు ఫోను చేయించండి.

వినాలనుకునేవాళ్లు 'మదామా బటర్‌ఫ్లై'లో రెండో అంకంతో మొదలుపెట్టండి. మాలర్ 'వీడ్కోలు' మాత్రం ఇల్లు సద్దుమణిగాక వినండి. దు ఫూ, లీ షాంగ్‌యిన్, లు యూలకు ఇంగ్లీషు అనువాదాలు చాలానే దొరుకుతాయి. ఒక్కో పద్యానికి రెండు మూడు అనువాదాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే, కవి వదిలిన ఖాళీలు ఎక్కడున్నాయో తెలుస్తుంది.